గుయ్యిమంటుంది గానీ తిరగదు

ఫ్లాగ్‌స్టాఫ్‌లో, పైన్ చెట్ల నీడన, బేతో తన ఇంటి వసారాలో ఫోను చెవికి ఆనించుకుని నిలబడి ఉన్నాడు. అవతల, నూటయాభై మైళ్ళ దిగువన ఫీనిక్స్ నగరంలో, పదకొండేళ్ళ కిందట అతన్ని విడిచి వెళ్ళిన భార్య ఒఫీలియా. జులై నెల, మధ్యాహ్నం మూడున్నర; ఫారెన్‌హీట్ లెక్కలో ఎండ నూరు దాటిన వేళ.

"అదే అడుగుతున్నా. గాలి వస్తోందా, అసలు రావడమే లేదా?"

"వస్తోంది బేతో. వస్తోందని ఇప్పటికి మూడుసార్లు చెప్పాను. వేడిగా వస్తోంది."

"వేడంటే ఎంత వేడి?"

"రొట్టెల పొయ్యి తలుపు తీస్తే మొహాన కొడుతుందే, అలాగ. చాలా?"

"చాలదు. థర్మోస్టాట్‌లో ఎంత చూపిస్తోంది?"

"తొంభై మూడు. పదకొండింటికి డెబ్భై తొమ్మిది ఉంది. నా కళ్ళముందే ఎక్కుతోంది."

"బయట?"

"నూట పదిహేడు."

"ఇక్కడ మబ్బు పట్టింది. కాసేపట్లో వానొచ్చేలా ఉంది."

"మీ ఊరి వాన సంగతి నేనడగలేదు."

"సరే, సరే. కంపెనీలకి ఫోన్ చేశావా?"

"ఏడు కంపెనీలకి చేశా. ఒకడు ఎల్లుండి అన్నాడు. ఒకడు శుక్రవారం అన్నాడు. ఇంకోడు పాటలు వినిపించి వినిపించి పెట్టేశాడు."

"ఇంట్లో మెకానిక్‌ని పెట్టుకుని కంపెనీలకెందుకు చేశావు? ఒఫీలియా, నీ మొగుడేడీ?"

"ఊళ్ళో లేడు. టూసాన్ వెళ్ళాడు, పనిమీద."

"వాడికి చెయ్యి ఫోను."

"ఎత్తడం లేదు. ఏ అటకమీదున్నాడో. నీకిష్టం లేకపోతే లేదని చెప్పు బేతో, పెట్టేస్తా."

"పదకొండేళ్ళకి ఫోన్ చేసి, రెండో నిమిషంలో పెట్టేస్తానంటావు. నీ అలవాటు పోలేదు."

"నీదీ పోలేదు. ఇల్లు అంటుకుంటోందంటే అగ్గిపెట్టె రంగేమిటని అడుగుతావు."

"రంగు తెలిస్తేగా ఏ పెట్టో తెలిసేది. థర్మోస్టాట్ దగ్గరున్నావా? కూల్ మీదుందా?"

"కూల్ మీదుంది. ఫ్యాన్ ఆటోలో ఉంది. కొత్త బ్యాటరీలు కూడా వేశా. నాకు ఆ మాత్రం తెలుసు. మెకానిక్కుల్నే కట్టుకున్నాను కదా."

"ఒకడు కాకపోతే ఒకడు."

"బేతో."

"సరే, ఏమనలేదు. నడవలో పైకప్పుకి జాలీ ఉంటుంది. కుర్చీ వేసుకుని ఎక్కు, ఫిల్టర్ కిందికి లాగు."

"ఆగు... ఎక్కుతున్నా. గొళ్ళేలు రావడం లేదు. ఆఁ, వచ్చింది."

"ఏ రంగులో ఉంది?"

"నువ్వు వేసుకునేవాడివే, ఒక టోపీ, చచ్చినా ఉతకనిచ్చేవాడివి కాదు. ఆ రంగులో ఉంది."

"అది నీ మొగుడు రమీరో ఇంట్లో ఫిల్టరా?"

"ఎవరింట్లోదైతే ఏం?"

"వాడు నెలనెలా ఒకటో తారీకున మారుస్తాడు. పరాయివాళ్ళింటికి విందుకెళ్ళినా ముందు వాళ్ళ ఫిల్టర్ చూసేవాడు. అలాంటివాడు సొంతింట్లో మార్చలేదా?"

"మర్చిపోయాడు."

"వాడు మర్చిపోడు."

"మనిషన్నాక మర్చిపోతాడు బేతో. ఇప్పుడేం చెయ్యాలి, దీన్ని పట్టుకుని నిలబడనా?"

"అవతల పారెయ్యి. ఫిల్టర్ లేకుండా ఒక పూట నడిచినా ఏం కాదు. ఇప్పుడు గాలి ఎలా ఉంది?"

"ఎక్కువొస్తోంది. వేడిగానే వస్తోంది."

"అయితే జబ్బు లోపల కాదు, బయట. ఏమిటా చప్పుడు?"

"ఏ చప్పుడు?"

"మంచం కిర్రుమన్నట్టు."

"పిల్లి."

"నీకు పిల్లులంటే పడదుగా."

"ఇప్పుడు పడుతోంది. ఒక్క నిమిషం ఉండు, ఫోన్ పెట్టెయ్యకు."

"ఎక్కడికి?"

"..."

"ఒఫీలియా? లైన్లో ఉన్నావా?"

"వచ్చాను. చెప్పు."

"పిల్లికి నీళ్ళు పెట్టొచ్చావా?"

"పెట్టొచ్చా. చెప్పు, ఇప్పుడెక్కడికెళ్ళాలి?"

"నువ్వు ముందు సినిమా హాలుకెళ్ళు. కాకపోతే లైబ్రరీకెళ్ళు. తొంభై మూడు డిగ్రీల ఇంట్లో యాభై ఎనిమిదేళ్ళ మనిషి కూచోవాల్సిన పనేమిటి? సాయంత్రం వాడొచ్చి చూసుకుంటాడు."

"వెళ్ళలేను."

"ఎందుకు?"

"వెళ్ళలేనంటే వెళ్ళలేను. బ్రేకర్ డబ్బా దగ్గరికొచ్చా. ఏది చూడమంటావు?"

"నువ్వు ఏదో దాస్తున్నావు."

"పదకొండేళ్ళ నుంచీ నేను ఏం దాస్తే నీకేం బేతో? ఏసీ అని రాసుంది ఒకదానిమీద, ఇంకోదానిమీద 'బయటిది' అని ఉంది. రెండూ పైకే ఉన్నాయి."

"'బయటిది' అన్నదాన్ని పూర్తిగా కిందికి నొక్కి, మళ్ళీ పైకి లేపు. టక్కుమనాలి."

"టక్కుమంది."

"ఇప్పుడు పెరట్లోకి పద. యంత్రం దగ్గర నిలబడి నాకు వినిపించు."

"వస్తున్నా... అబ్బ, నేల కాలుతోంది. విను. వినబడుతోందా?"

"గుయ్యిమంటోంది."

"ఇందాకట్నుంచీ ఇంతే."

"పైన రెక్క తిరుగుతోందా?"

"లేదు."

"గుయ్యిమంటోంది గానీ తిరగడం లేదు. అంతేనా?"

"అంతే."

"అమ్మయ్య."

"అమ్మయ్య ఏమిటి? నేనిక్కడ మాడిపోతుంటే."

"మోటారు పోలేదు ఒఫీలియా. లేవాలనే చూస్తోంది, లేవలేకపోతోంది. మొదట ఒక తోపు తొయ్యడానికి దానికో చిన్న డబ్బా ఉంటుంది, కెపాసిటర్. అది పోయుంటుంది. ఒక సన్నటి పుల్ల తీసుకో. చెక్కది. జాలీ సందులోంచి దూర్చి రెక్కని మెల్లగా తోసి, వెంటనే పుల్ల వెనక్కి లాక్కో."

"చీపురుపుల్ల చాలా?"

"వంగనిదైతే చాలు. చెయ్యి మాత్రం లోపలికి పోనివ్వకు."

"తోశా. తిరుగుతోంది బేతో, తిరుగుతోంది."

"సంబరపడకు. ఆగు."

"...మెల్లబడింది. ఆగిపోయింది."

"నేననుకున్నదే. బ్రేకర్ కట్టెయ్. లేకపోతే అసలు ప్రాణం, లోపలి కంప్రెసర్, అది కాలిపోతుంది. కట్టేసి, కారు తీసి గ్రాండ్ అవెన్యూలో పనిముట్ల కొట్టుకెళ్ళు. ఆ డబ్బామీద అంకెలుంటాయి, అవి చూపిస్తే—"

"వెళ్ళలేను."

"కారు లేదా?"

"ఉంది. ఇల్లు వదిలి వెళ్ళలేను."

"ఎవరు కట్టేశారు నిన్ను ఆ ఇంటికి? పక్కింటివాళ్ళనైనా పంపించు."

"పక్కింటావిడకి ఎనభై నాలుగు. అటుపక్కవాళ్ళు పనికెళ్ళారు. ఆ డబ్బా... వాన్‌లో ఉంటుందేమో బేతో."

"ఏ వాన్‌లో?"

"రమీరో వాన్‌లో."

"వాన్ ఇంటిదగ్గరుందా?"

"ఉంది."

"టూసాన్‌కి పనికెళ్ళినవాడు వాన్ ఇంట్లో పెట్టి వెళ్ళాడా? పనిముట్లు జేబులో పోసుకెళ్ళాడా?"

"బేతో, విను—"

"వాడక్కడే ఉన్నాడు కదూ. పిల్లి లేదు, టూసాన్ లేదు. వాడు మంచమ్మీద కాళ్ళు చాపుకుని కూచుని నీచేత నాకు ఫోన్ చేయించాడు. బేతో గాడికి పని గుర్తుందో లేదో చూద్దామని. వింటున్నాడా? వాడికివ్వు ఫోను."

"వినడం లేదు. పెరట్లో నేనొక్కదాన్నే ఉన్నా."

"నువ్వు అబద్ధం చెప్తే నాకు తెలుస్తుంది. ఒకప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుస్తుంది. పెట్టేస్తున్నా."

"తను పడిపోయాడు బేతో."

"ఏమిటి?"

"మార్చి పదకొండున. వంటింట్లో, పొద్దున్నే, చేతిలో కాఫీ కప్పుతో సహా. మెదడులో నరం చిట్లిందన్నారు. కుడిచెయ్యి, కుడికాలు పోయాయి. మాటా పోయింది. నలభై రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపించారు. అప్పట్నుంచీ పడగ్గదిలోనే, వాళ్ళిచ్చిన మంచమ్మీద. వాన్ మార్చినుంచీ కదల్లేదు. ఫిల్టరూ మార్చినుంచీ మార్చలేదు. ఇప్పుడు తెలిసిందా?"

"నాకెవరూ చెప్పలేదు."

"ఎవరు చెప్పాలి? చెప్తే ఏం చేసేవాడివి? మంచి పనైందనుకునేవాడివా? చెప్పు. అనుకునేవాడివా?"

"వాన్ తాళం తెచ్చుకో."

"బేతో—"

"తాళం తెచ్చుకో ఒఫీలియా. వెళ్తూ వాణ్ణోసారి చూడు. చెమట పడుతోందా?"

"పడుతోంది. దిండు తడిసిపోయింది."

"చెమట పడుతున్నంతసేపు కొంత నయం. దుప్పటి తడిపి కప్పు. టేబుల్ ఫ్యాన్ ఉందా?"

"కప్పా. పెట్టా. అరగంటకోసారి తడుపుతున్నా. మొదటి రోజునుంచీ నేనే చూసుకుంటున్నా, నాకు చెప్పకు."

"అంబులెన్స్‌ని ఎందుకు పిలవలేదు?"

"పిలుస్తానన్నా. ఆ మాట వినగానే ఎడంచేత్తో మంచం చువ్వ పట్టుకున్నాడు. నా బలమంతా పెట్టినా వేళ్ళు ఊడిరాలేదు. మళ్ళీ అక్కడికి తీసికెళ్తే ఇక రానివ్వరని తన భయం. నేను లేపి కార్లో కూచోబెట్టలేను, తెలుసుగా ఎంత మనిషో. వీల్‌ఛెయిర్ బండికి ఫోన్ చేశా. ఏడింటికి గానీ రాదట."

"చెమట ఆగినా, పిలిస్తే కళ్ళు తెరవకపోయినా, నాకు ఫోన్ చెయ్యకు. అంబులెన్స్‌కి తొమ్మిది ఒకటి ఒకటి కొట్టు. చువ్వతో సహా మోసుకెళ్ళనీ. నాకు మాటివ్వు."

"ఇస్తున్నా."

"నేనిప్పుడు బయల్దేరితే ఆరు దాటుతుంది."

"అప్పటికి ఈ ఇల్లు నూటపది ఉంటుంది. నాకు తెలుసు. అందుకే నిన్ను రమ్మనలేదు. చెప్పమన్నా. వాన్ తలుపు తీశా. లోపల నిప్పుల కొలిమిలా ఉంది."

"డ్రైవర్ సీటు వెనక, ఎడమవైపు, కింద నుంచి రెండో అర. మేమిద్దరం కలిసి పనిచేసిన రోజుల్లో ఆ అరలు కొట్టింది నేనే. వాడు అలాగే ఉంచితే అక్కడే ఉండాలి. వెండిరంగు డబ్బాలు, కూల్‌డ్రింకు డబ్బా కన్నా కాస్త పొడుగ్గా."

"ఉన్నాయి. చాలా ఉన్నాయి. వరసగా."

"చిన్నవి ముందు, పెద్దవి వెనక?"

"అలాగే ఉన్నాయి."

"అలాగే పెడుతున్నాడన్నమాట."

"అంచున చీటీ అంటించుంది బేతో. నీ చేతిరాత. పసుపెక్కిపోయింది."

"పీకెయ్యలేదా?"

"ఒకసారి నేను వాన్ కడుగుతూ పీకబోయా. నామీద అరిచాడు. నామీద అరవడం ఆ ఒక్కసారే. ఏ అంకె చూడాలి?"

"ఏమన్నావు?"

"ఏ అంకె చూడాలని."

"ముందు యంత్రంలో ఉన్న పాతదాని అంకె చూడాలి. స్క్రూడ్రైవర్ తీసుకో, ప్లాస్టిక్ పిడి ఉన్నది, పొడుగుది. చేతులు తుడుచుకో. పొడిగా ఉండాలి. వంటింట్లో గిన్నెలు తోమే రబ్బరు తొడుగులుంటే అవి వేసుకో. చెప్పులు?"

"రబ్బరువే."

"బ్రేకర్ కట్టేశావా?"

"కట్టేశా."

"మళ్ళీ చూడు."

"కట్టేశానన్నాగా."

"మళ్ళీ చూడు ఒఫీలియా. నేను చూళ్ళేను కదా."

"...చూశా. కిందికే ఉంది."

"యంత్రం పక్కన గోడకి చిన్న డబ్బా ఉంటుంది. మూత తీస్తే లోపల పిడి. దాన్ని గట్టిగా బయటికి లాగు. రెండు తాళాలు వేసినట్టవుతుంది."

"లాగా. చేతిలోకొచ్చేసింది."

"జేబులో వేసుకో. అది నీ జేబులో ఉన్నంతసేపు ఎవడూ కరెంటు పెట్టలేడు. ఇప్పుడు పక్క రేకు స్క్రూలు విప్పు."

"ఫోన్ కింద పెడుతున్నా. స్పీకర్ మీద ఉంది, మాట్లాడుతూ ఉండు."

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి. ఇంతకుముందు అదే అడిగితే టీవీ పెట్టేవాడివి."

"ఇక్కడ ఏసీలు తక్కువ. హీటర్లు బాగుచేస్తున్నా. ఇరవై రెండేళ్ళు ఆ ఎండల్లో జనానికి చల్లగాలి ఇచ్చి, ఇప్పుడీ చలిలో వేడిగాలి ఇస్తున్నా. మోకాళ్ళు పోయాయి. అటకలు ఎక్కలేను. ఒక కుక్క ఉండేది, అదీ పోయింది. వచ్చిందా రేకు?"

"వచ్చింది. కనబడింది డబ్బా. పైన తల ఉబ్బిపోయుంది, పొంగిన రొట్టెలా."

"అదే దొంగ. ముట్టుకోకు. విను, కరెంటు తీసినా దాని కడుపులో కొంత ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడి పట్టుకుని, ఇనుపముక్క ఒకేసారి రెండు కొనలకి తగిలేలా ఆనించు. చిటుక్కుమంటుంది, నిప్పురవ్వ కనబడినా కనబడొచ్చు. పైన మూడు కొనలుంటాయి, ఒక్కోదాని పక్కన పేరు రాసుంటుంది. సి అన్నదానికీ హెర్మ్ అన్నదానికీ ఒకసారి, సికీ ఫ్యాన్‌కీ ఒకసారి. ఇనుము ముట్టుకోకు."

"బేతో, చెయ్యి చెమటకి జారుతోంది."

"తుడుచుకో. పూర్తిగా ఆరేదాకా ఆగు. తొందరేం లేదు."

"తొందరుంది. తొంభై ఆరుకొచ్చింది లోపల."

"జారే చేత్తో చేస్తే ఇద్దరికీ చాకిరీ చేసేవాళ్ళుండరు. ఊపిరి తీసుకో."

"ఆనిస్తున్నా."

"..."

"..."

"ఒఫీలియా?"

"..."

"ఒఫీలియా, మాట్లాడు. ఒఫీలియా."

"చిటుక్కుమంది. స్క్రూడ్రైవర్ జారి కింద పడింది. నాకేం కాలేదు."

"నా ప్రాణం పోయింది."

"రెండోదీ అయింది. ఏం చప్పుడూ రాలేదు."

"అంటే ఖాళీ. ఇక అది ఉత్త డబ్బా. తీగలు పీకేముందు ఒక ఫొటో తీసుకో. ఏది ఎక్కడుందో. అంకె చదువు."

"నలభై ఐదు, గీత, ఐదు. కింద నాలుగువందల నలభై."

"వాన్‌లో అదే అంకె ఉన్నది తే."

"ముందే మూడు పట్టుకొచ్చా. ఆగు... ఇదిగో, నలభై ఐదు, ఐదు. సరిగ్గా అదే."

"తెలివైనదానివే."

"ఇప్పుడా తెలిసింది?"

"ఒక్కొక్క తీగే పాతదాన్నుంచి పీకి కొత్తదానికి పెట్టు. రెండు ఒకేసారి పీకకు. సి నుంచి సికి. హెర్మ్ నుంచి హెర్మ్‌కి. ఫ్యాన్ నుంచి ఫ్యాన్‌కి. గట్టిగా కూర్చోవాలి."

"ఇది రావడం లేదు... వచ్చింది. ఎర్రది. పెట్టా. పసుపుది. అబ్బ. పెట్టా. సిలో రెండున్నాయి."

"రెండూ సికే."

"అయిపోయింది. పట్టీ బిగించా. రేకు పెడుతున్నా."

"రేకు పెట్టు, గోడ డబ్బాలో పిడి పెట్టు, ఎలా వచ్చిందో అలాగే, తిరగెయ్యకు. లోపలికెళ్ళి థర్మోస్టాట్ ఆపు. తర్వాత బ్రేకర్ పైకి లేపు. అప్పుడు ఐదు నిమిషాలు ఆగాలి."

"ఐదు నిమిషాలెందుకు?"

"యంత్రం సర్దుకోవాలి. తొందరపడి లేపితే మళ్ళీ మూలుగుతుంది."

"చేశా. అన్నీ చేశా. నడవలో కూచున్నా. గడియారం చూస్తున్నా."

"వాడెలా ఉన్నాడు?"

"చూస్తున్నాడు. తలుపులోంచి నన్నే చూస్తున్నాడు. చెమట పడుతోంది."

"నీళ్ళు తాగుతాడా?"

"చెంచాతో. గటగటా తాగితే పొలమారుతుంది. ఒకటడగనా బేతో? ఎలాగూ ఐదు నిమిషాలుంది."

"అడుగు."

"నేనొచ్చేశాక మూడు ఆదివారాలు తను నీ దగ్గరికొచ్చాడు. నువ్వింట్లో లేవన్నాడు. మూడుసార్లూ లేవా?"

"ఉన్నా."

"ఉన్నావా?"

"తలుపు వెనకే ఉన్నా. కింద సందులోంచి వాడి బూట్లు కనబడ్డాయి. మూడో ఆదివారం వాడు తలుపుకి వీపు ఆనించి కూచున్నాడు. నేనిటు ఆనుకుని కూచున్నా. గంట కూచున్నాం."

"తియ్యొచ్చుగా తలుపు."

"తీస్తే కొట్టాలి. కొట్టాలనిపించలేదు. అందుకే తియ్యలేదు. నువ్వు వెళ్ళిపోతావని నాకు అంతకు రెండేళ్ళ ముందే తెలుసు ఒఫీలియా. నువ్వు సూట్‌కేసు కొన్నరోజే తెలుసు. దానికి నేను సిద్ధంగానే ఉన్నా. వాడి దగ్గరికి పోతావని తెలీదు. నీకు మొగుడు పోతే మొగుడు దొరికాడు. నాకు వాడు పోతే ఇంకోడు దొరకలేదు."

"నాకూ చెప్పనీ. పెళ్ళైన కొత్తలో మీరిద్దరూ పనినుంచి ఒకే వాన్‌లో దిగేవాళ్ళు. ఆ బల్లదగ్గర కూచుని కంప్రెసర్లూ, ఇళ్ళవాళ్ళూ, అటకల్లో తేళ్ళూ, ఒకటే నవ్వులు. నేను పెనం దగ్గర నిలబడి టోర్తియాలు కాల్చి వేసేదాన్ని. ఇద్దర్లో ఎవరో ఒకరు ఇటు తిరిగి నాతో ఒక మాట మాట్లాడతారేమో అని చూసేదాన్ని. పంతొమ్మిదేళ్ళు చూశా బేతో. తను ఇటు తిరిగాడు. అంతే జరిగింది. అంతకన్నా పెద్ద కథేం లేదు. ఏమన్నా అను."

"నేను తిరగలేదు. ఏమనను."

"ఐదైంది."

"ఇంకో అర నిమిషం ఆగు."

"నీతో ఇదే బాధ."

"ఇప్పుడు పెట్టు. కూల్. డెబ్భై ఎనిమిది."

"పెట్టా. లోపల గాలి మొదలైంది."

"పెరట్లోకెళ్ళు. గుయ్యిమంటోందా?"

"వెళ్తున్నా... లేదు. గుయ్యిమనడం లేదు. తిరుగుతోంది. బేతో, రెక్క తిరుగుతోంది, పైకి వేడి కొడుతోంది."

"లోపలి వేడంతా బయటికి తోస్తోంది. నల్ల తొడుగు వేసిన లావు గొట్టం ఉంటుంది, పట్టుకు చూడు. రెండు నిమిషాలు చేతిలో ఉంచు."

"మామూలుగానే ఉంది."

"ఉంచు."

"...చల్లబడుతోంది. చెమటలు పడుతున్నాయి గొట్టానికి."

"ఇక లోపలికి పో. ఇల్లు దిగడానికి రెండు మూడు గంటలు పడుతుంది, గాలి మాత్రం వెంటనే చల్లబడుతుంది. మిగతా గదుల జాలీలు మూసెయ్యి. వాడి గది ఒక్కటే తెరిచి ఉంచు. ఏడింటి బండిని మాత్రం వద్దనకు, వచ్చి చూసి వెళ్ళనీ."

"సరే. గదిలోకొచ్చా. గాలి మొహానికి తగులుతోంది తనకి. కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదుపుతున్నాడు."

"నేను చెప్పానని చెప్పకు."

"ఎందుకు?"

"వద్దు. నువ్వే చేశావని చెప్పు. నువ్వేగా చేసింది. ఇక పెడతా ఒఫీలియా. మళ్ళీ ఏమన్నా మూలిగితే చెయ్యి."

"బేతో."

"ఏమిటి?"

"నేను పిలవలేదు."

"ఇప్పుడేగా 'బేతో' అన్నావు. గొంతేమిటి అలా బొంగురుపోయింది?"

"నేను కాదు. తను."

"బేతో."

"అది వాడా? రమీరోనా? మాట పోయిందన్నావుగా."

"పోయింది."

"నేను లైన్లో ఉన్నానని చెప్పావా వాడికి?"

"లేదు."

"బేతో. బేతో."

"మరి నన్ను పిలుస్తున్నాడు కదా ఒఫీలియా."

"నిన్ను కాదు, నన్ను. ఆసుపత్రిలో కళ్ళు తెరిచిన రోజునుంచీ తన నోట్లో మిగిలింది ఆ ఒక్క మాటే. నీళ్ళకీ అదే, నొప్పికీ అదే, పక్క తడిసినా అదే. డాక్టరు నన్ను చూపించి ఈవిడెవరూ అంటే కూడా అదే అన్నాడు. నాలుగు నెలలుగా ఆ పేరుకి నేనే పలుకుతున్నా. ఫోను తన చెవి దగ్గర పెడుతున్నా. ఇవాళ నువ్వు పలుకు."